ఎరుపు ఎక్కువైన బొమ్మ

ఎడమ కన్ను మూసుకుని ఇది రాస్తున్నాను. రెండూ తెరిస్తే అక్షరాల నడుమ ఒక మసక మరక వచ్చి కూర్చుంటుంది. ఒక్క కుడి కన్నుతో అయితే రాయగలను, చదవగలను, బియ్యంలో రాళ్లు కూడా ఏరగలను. కిందటి మే నెలలో ఎవరైనా వచ్చి "నువ్వు మళ్లీ కూర్చుని రాసుకుంటావు" అని ఉంటే చేతికి అందింది విసిరికొట్టి ఉండేదాన్ని. ధైర్యం చెప్పేవాళ్లంటే అప్పట్లో నాకు అంత మంట. అందుకని ఇందులో నేనూ ధైర్యం చెప్పను. జరిగింది చెబుతాను. నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకుండా ఉంటే అదే చాలు.

నేను డ్రాయింగు టీచర్ని. కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మా ఆయన తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. ఒక్కతే కూతురు, మేఘన, పీయూసీ చదువుతోంది. ఏ ఊళ్లో అయినా పిల్లల్ని సీనరీ వేయమంటే రెండు ముక్కోణాల కొండలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెడతారు. మా పిల్లలు వేసే కొండకు కొన ఉండదు. పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. మాకు తెలిసిన కొండ అదే. గనుల్లోంచి తీసిన రాయిని పొడి చేసి, సైనైడ్ కలిపి బంగారం రాబట్టుకుని, మిగిలిన పిండిని ఏళ్ల తరబడి పోసిన సైనైడ్ గుట్టలు. కొత్తగా వచ్చిన టీచర్లు "ఇది కొండా, బల్లా?" అని నవ్వుతారు. నేను మాత్రం ఆ కొండకు ఎప్పుడూ మార్కులు తగ్గించలేదు.

పగలంతా ఆ గుట్టలు బూడిద రంగులో, చూడబుద్ధి కాకుండా పడి ఉంటాయి. పొద్దు వాలే వేళ ఒక పావుగంట సేపు మాత్రం ఆకాశంలో ఏ రంగుంటే ఆ రంగు ఒంటికి పూసుకుంటాయి. వానలు గట్టిగా పడిన ఏడు గుట్ట వెనక పల్లంలో నీళ్లు నిలిచి చిన్న చెరువవుతుంది. అప్పుడు నీళ్లలో ఇంకో గుట్ట, ఇంకో పొద్దు. ఇదంతా మొదలవడానికి ముందు వానాకాలంలో అలా నిలిచిన నీళ్లను చూసి రెండు సాయంత్రాలు అక్కడే నిలబడ్డాను. ఫోటోలు తీసుకున్నాను, ఏ రంగు ఎక్కడ ఎంతసేపు ఉందో పెన్సిలుతో రాసుకున్నాను. మూడడుగుల కాన్వాసు మీద ఆయిల్ రంగుల్లో వేయాలని ఆశ. ఇరవై ఏళ్లుగా పిల్లల బొమ్మలు దిద్దడమే కానీ నాదంటూ ఒక పెద్ద బొమ్మ లేదు. స్కూలు పనుల్లో అదీ వాయిదా పడింది. తీరిక దొరికింది జనవరిలో. అలాంటి తీరిక దొరక్కపోయినా బాగుండేది.

జనవరి

సంక్రాంతి సెలవుల ముందు నుంచే దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, జాకెట్లు వదులయ్యాయి. పరీక్షలు చేసి టీబీ అన్నారు.

మా ఊళ్లో దగ్గుకు పాత చరిత్ర ఉంది. గనిలో రాతి దుమ్ము పీల్చినవాళ్లు దగ్గే తీరును బట్టి, ఇరుగుపొరుగు గోడ అవతలి నుంచే ఆ మనిషి సంగతి చెప్పేసేవాళ్లు. మా నాన్న గనుల ఆఫీసులో గుమాస్తా. "మనోళ్లు ఎవరూ కిందికి దిగలేదు" అన్నది మా ఇంట్లో పెద్ద గొప్ప. నాన్న పోయాడు కానీ ఆ గొప్ప పోలేదు, నాకు అంటుకుంది. భూమి కిందికి దిగని ఇంటికి ఈ జబ్బేమిటని నాకు సిగ్గు ముంచుకొచ్చింది. జబ్బు కంటే ముందు సిగ్గే వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఎవరికీ చెప్పొద్దండీ, కామెర్లని చెప్దాం" అన్నాను మా ఆయనతో.

"దాచేదానికి ఇదేమన్నా దొంగతనమా?" అన్నారాయన. నా మొహం చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

స్కూలుకు కామెర్లని చెప్పి సెలవు పెట్టాం. వీధికీ కామెర్లే. కామెర్లని చెప్పాక పథ్యం నటించాలి కదా. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నేల ఉసిరి నూరి గ్లాసుల్లో తెచ్చి ఇచ్చేవాళ్లు. వాళ్ల ముందు ఒక గుక్క తాగి, వెళ్లాక మిగతాది తులసి కోటలో పోసేదాన్ని.

ఆరోగ్య కేంద్రంలో మాత్రలిచ్చే సిస్టరు నెమ్మదైన మనిషి. "ఆరు నెలలు ఒక్క దినమూ తప్పకూడదమ్మా. ఒంటికి పోయేటప్పుడు ఎర్రగా పోతాది, కన్నీళ్లు కూడా రంగు తిరుగుతాయి. అది మాత్ర రంగు, బేజారు పడొద్దు. కండ్లల్లో ఏమన్నా తేడా వస్తే మాత్రం ఎంటనే వచ్చి చెప్పల్ల" అంది. నేను తలూపాను. ఆ వరండాలో తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమో అన్న కంగారులో సగమే విన్నాను. ఆమె నెల నెలా అడిగింది కూడా. "కండ్లు బాగుండాయా?" "బాగుండాయి సిస్టర్." కొంగు తల మీదికి లాక్కుని ఆ రెండు మాటలు చెప్పి బయటపడేదాన్ని.

ఫిబ్రవరి, మార్చి

ఫిబ్రవరికి జ్వరం తగ్గింది. మిద్దె మీద రేకుల కింద కాన్వాసు పెట్టుకున్నాను. టర్పెంటైన్ వాసన తగిలితే దగ్గు పొర్లుకొచ్చేది. అందుకని కుంచెల్ని నువ్వుల నూనెలో జాడించి సబ్బుతో కడిగేదాన్ని. ఆయిల్ రంగులతో తొందర కుదరదు. ఒక పూత వేస్తే అది ఆరేదాకా ఆగాలి. జబ్బు మనిషికి సరిపడే పని అది. ఆకాశం పల్చగా వేశాను. గుట్టకు బూడిద రంగు అడుగు పూత వేశాను. నీళ్లలో నీడ ఎప్పుడూ పైన ఉన్నదాని కంటే ఒక పిసరు మందంగా ఉండాలి, ఆ లెక్క కూడా సరిగ్గా కుదిరింది. మేఘన వారానికోసారి ఫోనులో ఫోటో తీసి స్నేహితులకు చూపించుకునేది. ఇరవై ఏళ్లలో నేను అంత సంతోషంగా ఉన్నది ఆ మూడు నాలుగు వారాలే.

మార్చిలో అసలు రంగులకు వచ్చాను. క్రిమ్సన్ ట్యూబు పిండితే చచ్చినట్టు ఉంది. ఎండిన నెత్తురు మీద దుమ్ము పడినట్టు. ట్యూబు పాతబడిందనుకున్నాను. అమ్మిన షాపుకు ఫోను చేసి "ఏ కాలం నాటి సరుకప్పా ఇది?" అని అరిచాను. ఆ మనిషి పాపం క్షమించమన్నాడు. మా ఆయన బెంగళూరు నుంచి కొత్తవి తెచ్చారు. అవీ అంతే. ఈ కాలంలో రంగుల కంపెనీలన్నీ కల్తీవే అని తీర్మానించి, ఒక పాలు వేయాల్సిన చోట మూడు పాళ్లు వేయడం మొదలుపెట్టాను. అలా వేస్తే నా కంటికి సరిగ్గా కుదిరేది. మేఘాల అంచున, గుట్ట భుజాల మీద, నీళ్లలో, అంతటా. వేసి వెనక్కి జరిగి చూస్తే, రెండు సాయంత్రాలు నేను చూసిన పొద్దు అదే.

అదే నెలలో ఇంకొకటి జరిగింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఒకరోజు బాత్రూములో చూసుకుంటే ఆ ఎరుపు లేదు. మామూలుగా, పల్చగా ఉంది. మాత్రకు ఒళ్లు అలవాటు పడింది, జబ్బు కడుక్కుపోతోంది అనుకున్నాను. ఎంత సంతోషమో! ఆ రోజు సేమ్యా పాయసం చేశాను. ఎందుకని మేఘన అడిగితే "నాకు నయమవుతాండాదే" అన్నాను. ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం. ఎరుపు పోయింది ఒంట్లోంచి కాదు, నా కంట్లోంచి అని ఆ రోజు ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

ఏప్రిల్

అక్షరాలు అలుక్కుపోసాగాయి. వయసు వచ్చింది, కళ్లద్దాలు కావాలి అనుకున్నాను. మా వీధి చివర కల్యాణ మండపంలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. వెళ్లాను. చీటీలు రాసే బల్ల దగ్గర మా మూడో ఇంటి పద్మక్క కూర్చుని ఉంది. ఆమె నోట్లో పడిన సంగతి సాయంత్రానికి ఊరు దాటుతుంది.

"షుగరు, బీపీ, టీబీ, దేనికన్నా మాత్రలు వాడతాండావా?" అని వరుసగా అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే.

"బీకాంప్లెక్స్ అక్కా, అంతే" అన్నాను.

ఆ ఒక్క అబద్ధం. లోపల ఉన్న డాక్టరు చీటీ చూసి, కంట్లో లైటు వేసి, దగ్గరి చూపుకు అద్దాలు రాశాడు. ఆయన తప్పేమీ లేదు. చీటీలో ఏముంటే దాన్ని బట్టే కదా చూస్తాడు. కొత్త అద్దాలు పెట్టుకుని, ఆ మాత్రలు మింగుతూ, ఇంకో మూడు వారాలు ఎరుపు మీద ఎరుపు పూశాను. చెప్పి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి. నా ఎడమ కన్ను ఆ మూడు వారాల్లోనే పోయిందని నా అనుమానం. డాక్టర్లు అవునని అనరు, కాదని కూడా అనరు.

మే

మే నెలలో మా చిన్నాయన వచ్చాడు. నాన్నకు తమ్ముడు, రాయల్పాడు దగ్గర మామిడితోట. శ్రీనివాసపురం మండీకి కాయలు తోలిన మర్నాడు మాకో బుట్ట తెచ్చిపెట్టడం ఏటా ఆయన అలవాటు. ఆయనకు కూడా కామెర్లనే చెప్పి ఉన్నాం.

"బొమ్మ వేస్తాండావంట, చూపించు" అని మిద్దె ఎక్కాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా ఇది? గుట్టకు నిప్పంటుకున్నట్టుండాదే?"

"పొద్దు వాలేది చిన్నాయనా."

"పొద్దు నేనూ చూస్తాండా కదమ్మా, పుట్టినకాడి నుంచీ. ఇట్ల యాడా చూడలేదు. ఆ నీళ్లు చూడు, కోడిని కోసి కడిగినట్టుండాయి."

నాకు కోపం నషాళానికి అంటింది. మామిడికాయల ఆయనకు బొమ్మల సంగతి ఏం తెలుసని? "నీకు తెల్లేదులే చిన్నాయనా" అని గబగబా మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేశాను. పండ్లు కోసి పెడదామని బుట్ట ముందు కూర్చున్నాను. ఒకటి తీసి తొడిమ దగ్గర ఒత్తి, వాసన చూసి, పక్కన పెట్టాను. ఇంకొకటి తీశాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"అట్ల ఒత్తుతాండావేమి? కండ్లెదురుగా ఉంటే?"

మూడోది తీసి ఒత్తాను. ఆయన వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు. గోనెసంచి పరిచి సింధూర పండ్లు పది వరుసగా పెట్టాడు. ఆ రకం పండితే చెంప ఎర్రబడుతుంది, కాయగా ఉంటే పచ్చగానే ఉంటుంది.

"చెంప ఎర్రగుండేవి ఈ పక్క పెట్టు. మా తోటలో ఆడోళ్లు మాట్లాడుకుంటానే చేస్తారు ఈ పని. ఊరికే పెట్టమ్మా."

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. పెట్టాను. నాకు కొంచెం ముదురుగా కనిపించినవి ఇటు, లేతగా కనిపించినవి అటు. ఆయన నేను ఇటు పెట్టిన వాటిలోంచి మూడు తీసి అటు పెట్టాడు. అటు పెట్టిన వాటిలోంచి రెండు తీసి ఇటు పెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు. అంత పెద్ద గొంతు మనిషి మెల్లగా అడిగాడు.

"ఎన్ని దినాల నుంచి కనపడలేదమ్మా నీకి?"

ఆ పది పండ్లను మళ్లీ చూశాను. పదీ ఒకటే రంగులో ఉన్నాయి. అన్నీ తడిసిన అట్టముక్క రంగు. ఇంతకాలం నేను వాటిని చూడడం లేదు, ఎరుపు అంటే ఇలా ఉండేది కదా అని గుర్తు తెచ్చుకుంటున్నాను, అంతే. అక్కడే ఏడుపు తన్నుకొచ్చింది. టీబీ సంగతి, కామెర్ల అబద్ధం, శిబిరంలో చీటీ అన్నీ కక్కేశాను.

"టీబీ అయితే ఏమి?" అన్నాడు చిన్నాయన. "మా వీధిలోనే ముగ్గురికొచ్చింది. ముగ్గురూ ఇప్పుడు తోట పనికి వస్తాండారు. దాన్ని దాచి కండ్లు పోగొట్టుకుంటావా? లెయ్, చీర మార్చుకో. యాడికి పోవల్లో ఆడికి ఇప్పుడే పోదాం."

కోలారులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. మేఘన కూడా వచ్చింది. మా ఆయన ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చి చేరారు. హాలు నిండా కళ్లలో చుక్కలు వేయించుకుని తలలు వెనక్కి వాల్చిన మనుషులు. మా వంతు వచ్చాక ఒక అమ్మాయి చుక్కల పుస్తకం తెరిచింది. రంగు చుక్కల మధ్య ఒక్కో పేజీలో ఒక్కో అంకె ఉంటుందట. నాకు కంకర తప్ప ఏమీ కనిపించలేదు. పేజీ తిప్పింది, కంకర. మళ్లీ తిప్పింది, కంకర. నా పక్క కుర్చీలో ఆవని అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె తన వంతు కోసం కూర్చుని ఉంది. నా అవస్థ చూడలేక, పరీక్షలో పక్కవాళ్లకు అందించినట్టు, "పన్నెండు, పన్నెండు అనమ్మా" అని గుసగుసలాడింది. పుస్తకం పట్టుకున్న అమ్మాయి ఆమెను కసిరింది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. పేరు కూడా అడగలేదు నేను. ఆ చెయ్యి ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరుకు ఈసారి అంతా చెప్పాను. ఆమె నా మాత్రల అట్టలు చూసి, "రంగులు తేడా పడింది ఎప్పటి నుంచి?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఎప్పుడు పోయిందో తెలిస్తే పోనిచ్చేదాన్నా? అప్పుడు మేఘన తన ఫోను తీసి ఇచ్చింది. వారం వారం బొమ్మకు తీసిన ఫోటోలు, తేదీలతో సహా. డాక్టరు ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. ఫిబ్రవరిలో లేత గులాబీ అట. మార్చిలో ముదురు. ఏప్రిల్లో ఎరుపు. మేలో ఇంకేమీ లేదు, ఎరుపే. "మీరు చెప్పకపోయినా ఇది చెబుతోంది" అందామె.

ఆ మందుల్లో ఒకటి కొందరికి కంటి నరాన్ని దెబ్బ తీస్తుందట. అందరికీ కాదు. దయచేసి ఇది చదివి ఎవరూ మాత్రలు మానేయకండి, అది ఇంకా పెద్ద ప్రమాదం. తేడా కనిపించిన రోజే నోరు తెరిచి చెప్పండి, అంతే. నాకు ఆ ఒక్క మందు ఆపి, మిగతావి కొనసాగించమన్నారు.

"చూపు తిరిగి వస్తుందా?" అని మా ఆయన అడిగారు.

"చాలామందికి వస్తుంది. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని నేను చెప్పలేను. నెలలు పడుతుంది."

ఇంటికి వచ్చాక నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను. ఇద్దరి మీదా విరుచుకుపడ్డాను. "మీ కండ్లు బాగుండాయి కదా! రోజూ చూస్తాండారు కదా! ఎర్రగా ఉండాదని ఒక్కరన్నా చెప్పినారా?"

"ఆర్ట్ అనుకున్నానమ్మా" అంది మేఘన ఏడుస్తూ. "ఏమన్నా అంటే నువ్వు కోపం చేసుకుంటావని..."

మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చున్నారు. "మార్చిలోనే అనుకున్నా నేను. ఒంట్లో బాగలేక, మనసులో ఉండేదంతా దాంట్లో పోస్తాండావేమో అనుకున్నా. భయమైంది. ఏమని అడగాల్నో తెలీలేదు."

నా నోటికి జడిసి నా ఇంట్లోవాళ్లే నిజం చెప్పలేదు. చెప్పినాయన నాకు లోకువైన మామిడికాయల చిన్నాయన. ఆ రోజు అన్నం ఎవరూ తినలేదు.

జూన్ నుంచి అక్టోబరు దాకా

ఈ నెలల గురించి రాయడం కష్టం. ఏమీ జరగలేదు కాబట్టి.

స్కూలు తెరిచాక రెండు రోజులు వెళ్లాను. ఒక పాప బొమ్మ చూసి "ఆకులకు గోధుమ రంగెందుకు వేసినావు?" అన్నాను. "పచ్చే కదా మిస్" అంది. క్లాసంతా నా మొహం చూసింది. మూడో రోజు సెలవు చీటీ పంపాను. ఈసారి అందులో నిజమే రాశాను. హెడ్మిస్ట్రెస్ ఇంటికి వచ్చి "ఎప్పుడొచ్చినా నీ క్లాసు నీదే" అంది. ఆ మాట మంచిదే. అప్పుడు నాకు అది తద్దినం మాటలా వినిపించింది.

బొమ్మను హాల్లో గోడవైపు తిప్పి పెట్టాం. ఆదివారం ఆదివారం పొద్దున పదింటికి, వెలుతురు బాగా పడే వేళ, మా ఆయన దాన్ని ఇటు తిప్పేవారు. నాకు అదే పరీక్ష. ఆసుపత్రి పుస్తకంలో అంకెలు కనిపించనప్పుడు ఏది వస్తోందో ఏది రావడం లేదో ఎలా తెలుస్తుంది? ఈ బొమ్మ అయితే తెలుస్తుంది. అది వికారంగా కనిపించిన రోజు నా కన్ను తిరిగొచ్చినట్టు.

ప్రతి ఆదివారం అది అందంగా ఉండేది. అదే నా దురదృష్టం. గుట్ట మెత్తగా, నీళ్లు నెమ్మదిగా, ఆకాశం చల్లారుతున్నట్టు, ఎక్కడా ఒక్క తప్పు లేదు. జూన్ అంతా అందంగా ఉంది. జూలైలో అందంగా ఉంది. "ఎట్లుండాది?" అని మా ఆయన అడిగేవారు. "బాగుంది" అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన మొహం వాడిపోయేది. బొమ్మ బాగుందంటే మొగుడి మొహం వాడిపోయిన పెయింటరు నేను తప్ప ఎవరూ ఉండరు.

ఆగస్టులో టీబీ పూర్తిగా పోయిందని కాగితం ఇచ్చారు. సిస్టరు సంబరంగా చేతికిస్తే నేను ఆమె మీద అరిచాను. "ఊపిరితిత్తులు నిలబెట్టి కండ్లు తీసుకున్నారు!"

"నెల నెలా అడిగినాను కదమ్మా" అందామె. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి మాత్రం వదల్లేదు. "నీ మొగం చూసి నేనింగ రెండు మాటలు అడగాల్సింది" అంది. తప్పు నాదని ఇద్దరికీ తెలుసు. ఆమె సగం తన మీద వేసుకుంది.

ఒక సాయంత్రం మేఘన నన్ను స్కూటీ మీద గుట్ట దగ్గరికి తీసుకుపోయింది. ఆ ఏడు వానలకు మళ్లీ నీళ్లు నిలిచాయి. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని అబ్బా, అబ్బా అంటున్నారు. నాకు బూడిద గుట్ట, బూడిద నీళ్లు. "పోదాం పా" అన్నాను. ఇంటికి వచ్చి ట్యూబులూ కుంచెలూ అన్నీ ఒక సంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేయమని గుమ్మంలో పెట్టాను. బతికి ఏం చేయాలి అని ఆ వారమంతా అనిపించింది. నిజంగా అనిపించింది, ఊరికే మాటగా కాదు. ఒకరోజు ఆ సంగతి మేఘనతో అనేశాను.  అది ఆ వారం కాలేజీ మానేసి నా పక్కనే కూర్చుంది. చెత్తబండికి ఇచ్చిన సంచిలో పాత చెప్పులు పెట్టి, నా రంగుల్ని తన బీరువాలో దాచిందని తర్వాత తెలిసింది.

మా ఆయన మాటల మనిషి కాదు. కానీ జూన్ నుంచి ఒక పని పెట్టుకున్నారు. రైలుకు పోయే ముందు టమోటా బుట్ట ముందేసుకుని, పండినవి ఏరి స్టీలు గిన్నెలో వేసి, పచ్చివి బుట్టలోనే ఉంచి పోయేవారు. గిన్నెలోవి తీసుకుని నేను చారు పెట్టుకునేదాన్ని. 

నవంబరు

ఒక గురువారం పొద్దున గిన్నెలోంచి టమోటాలు తీసి కడుగుతున్నాను. ఒకటి కోయబోయి ఆగాను. ఇది పచ్చిది కదా, తొందరలో చూసుకోకుండా వేసేశారే అనుకుని పక్కన పెట్టాను. పక్కన పెట్టాక కత్తి కింద పెట్టేశాను. అది పచ్చిదని నాకెవరు చెప్పారు?

మళ్లీ చూశాను. వెలుతురులోకి తీసుకుపోయి చూశాను. ఎడమ కన్ను మూసి చూశాను. మిగతావాటికీ దానికీ తేడా ఉంది. కొంచెమే, పల్చగా, పాత ఫోటోలో రంగులా. ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమో అని భయం. గురువారం, శుక్రవారం, శనివారం ఆ టమోటాను పప్పుల డబ్బా వెనక దాచుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకున్నాను. నాకు నేనే పిచ్చిదానిలా అనిపించాను. కానీ ఆశపడి మళ్లీ పడిపోతే లేవలేనని తెలుసు.

ఆదివారం పదింటికి మా ఆయన ఎప్పటిలాగే బొమ్మను ఇటు తిప్పి పక్కకు జరిగారు. ఆయన నా మొహం కూడా చూడడం లేదు. ఆరు నెలలకు ఆ ఆశ కూడా పోయినట్టుంది.

నేను చూశాను. ముందు నీళ్లు. తర్వాత గుట్ట. ఆ తర్వాత ఆకాశం. ఎడమ కన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

"ఛీ!" అన్నాను. "ఎంత దరిద్రంగా ఉండాది ఇది!"

మా ఆయన గబుక్కున తిరిగారు. లోపలి నుంచి మేఘన పరిగెత్తుకొచ్చింది.

"ఏమన్నావు? మళ్లీ చెప్పు" అన్నారాయన.

"దరిద్రంగా ఉండాదండీ! ఎవరన్నా ఇట్ల వేస్తారా? ఈ గుట్టేంది, ఈ నీళ్లేంది? ఇంత ఎరుపు ఎవరు పొయ్యమన్నారు? మా ఆరో క్లాసు పిల్లలు నయం!" అని అరుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే ఉన్నాను. మేఘన నన్ను పట్టుకుని ఊపేస్తూ "ఇంకా తిట్టమ్మా, ఇంకా తిట్టు" అంటోంది. మా ఆయన బొమ్మ ఎదురుగా నేల మీద కూలబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నా జన్మలో నా పని నాకు అంత వికారంగా ఎప్పుడూ కనిపించలేదు.

చెయ్యి తీసి కుడి కన్ను మూసి చూశాను. ఎడమ కంటికి అది ఇంకా అందంగానే ఉంది. ఇప్పటికీ అంతే. అది వస్తుందో రాదో డాక్టరు చెప్పడం లేదు, నేనూ అడగడం మానేశాను.

జనవరి నుంచి స్కూలుకు రమ్మన్నారు. మేఘన బీరువాలోంచి ట్యూబులు బయటికి వచ్చాయి. ఆ బొమ్మ మీద తెల్ల పూత వేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు, కాన్వాసు గట్టిదే. ఆ ఆదివారమే ఆ మాట అనుకుని, ముందు చిన్నాయనకు ఫోను చేశాను. తోటలో ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది.

"చిన్నాయనా, గుట్టకు నిప్పంటుకుంది."

 అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"కనపడిందా తల్లీ?"

"కనపడింది. రేపు తెల్లరంగు వేసి మొత్తం చెరిపేస్తా."

"వద్దమ్మా" అన్నాడు. "ఆర్పొద్దు. మండనీ."